రెండు ఫొటోలు, ఒకే ఫ్రేము: ఐప్యాడ్‌లో ప్రోక్రియేట్ చాలాకాలం వాడాక

గృహప్రవేశం గ్రూప్ ఫొటోలో అమెరికాలో ఉన్న తమ్ముణ్ని చేర్చాలి. అమ్మానాన్నలు కలిసి దిగిన మంచి ఫొటో లేదు, విడివిడిగా ఉన్న రెంటినీ కలిపి గోడకి ఒకే ఫ్రేము కట్టించాలి. మన ఇళ్లలో ఫొటో ఎడిటింగ్ అవసరం ఎక్కువగా ఇలాగే వస్తుంది. స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఈ పని ఇప్పుడు ఐప్యాడ్, దాని మీద గీసే యాపిల్ పెన్సిల్ ఉంటే ఇంట్లోనే అవుతుంది. నేను వాడేది ప్రోక్రియేట్. నిజానికి అది బొమ్మలు గీసుకునే యాప్, ఫొటోల కోసం పుట్టింది కాదు. అయినా ఈ ఒక్క పనికి దాన్నే తెరుస్తాను. ఎందుకో, అది ఎక్కడ చేతులెత్తేస్తుందో చెబుతాను.

ముందు డబ్బు సంగతి. ఒకసారి కొంటే చాలు, నెలవారీ చందా లేదు. అమెరికా స్టోర్‌లో 12.99 డాలర్లు. ఆండ్రాయిడ్‌కి లేదు. ఐప్యాడ్‌లో ఫొటోషాప్ 2019 నవంబరు నుంచి ఉంది. మనిషిని ఒక్క నొక్కుతో ఎంచుకోవడం, రంగుల్ని తర్వాత ఎప్పుడైనా మార్చుకునేలా అడ్జస్ట్‌మెంట్ లేయర్లు (లేయర్ అంటే ఫొటో మీద పరిచే పొర) పెట్టుకోవడం అందులో ఉన్నాయి, ప్రోక్రియేట్‌లో లేవు. రోజూ ఇదే పని చేసేవాళ్లు దాని చందా కట్టుకోవడమే మేలు. పైసా పెట్టకుండా కావాలంటే స్నాప్‌సీడ్ అనే యాప్‌లో డబుల్ ఎక్స్‌పోజర్ ఉంది. రెండో ఫొటోని పైన వేసి, ఒపాసిటీ (ఎంత చిక్కగా కనిపించాలన్నది) పూర్తిగా పెంచి, వ్యూ ఎడిట్స్‌లోకి వెళ్లి బ్రష్‌తో కావలసినచోట మాత్రమే రుద్దుకోవచ్చు. వాట్సాప్ స్టేటస్‌కి అది సరిపోతుంది. ఫ్రేము కట్టించే పనికి చాలదు, నీడ వేయడానికి వేరే లేయర్ ఉండదు కాబట్టి.

పెన్సిల్ కొనేటప్పుడు ఒకటి గమనించండి. 2023లో వచ్చిన చవక యాపిల్ పెన్సిల్, అంటే యూఎస్‌బీ-సీ రకం, ఒత్తిడిని గుర్తించదు. గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా గీత ఒకేలా పడుతుంది. అంచులు చెరిపే పనిలో ఒత్తిడే ప్రాణం. మొదటి తరం, రెండో తరం, ప్రో పెన్సిళ్లలో ఏదైనా పర్వాలేదు, మీ ఐప్యాడ్ మోడల్‌కి ఏది పనిచేస్తుందో చూసుకోండి.

ఇక పని. మొదటి తప్పు కాన్వాస్, అంటే పని చేసే ఖాళీ పేజీ, దగ్గరే జరుగుతుంది. ప్రోక్రియేట్‌లో ఫొటో లోపలికి వచ్చిందంటే అది ఉత్త పిక్సెళ్లే. కాన్వాస్ కంటే పెద్ద ఫొటో తెస్తే కాన్వాస్‌కి సరిపడా కుదించేస్తుంది, అక్కడ పోయిన పిక్సెళ్లు మళ్లీ రావు. అందుకే ప్రింటు సైజు ముందే లెక్కేసుకోవాలి. 18×12 అంగుళాల ఫ్రేముకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చొప్పున 5400×3600 పిక్సెళ్లు. 10×8కి 3000×2400. కొత్త కాన్వాస్ తెరిచేటప్పుడు ఆ సైజుకి ఎన్ని లేయర్లు దొరుకుతాయో యాప్ చూపిస్తుంది. ఐప్యాడ్ మెమరీని బట్టి ఆ సంఖ్య మారుతుంది. ఈ పనికి పది లేయర్లు ఉంటే హాయిగా సాగుతుంది, ఆరుంటే సర్దుకోవచ్చు. అంతకన్నా తక్కువ వస్తే 300 బదులు 200 డీపీఐకి దిగండి. గోడ మీద నాలుగడుగుల దూరం నుంచి చూసే ఫొటోకి తేడా కనిపించదు. కలర్ ప్రొఫైల్ (ఏయే రంగులు పట్టాలో చెప్పే సెట్టింగు) దగ్గర ఎస్‌ఆర్‌జీబీ ఎంచుకోండి. ఐఫోన్ ఫొటోలు అంతకన్నా ఎక్కువ రంగులు పట్టే డిస్‌ప్లే పీ3లో ఉంటాయి. ఐప్యాడ్ తెర మీద కళకళలాడిన కుంకుమ ఎరుపు మామూలు ల్యాబ్ ప్రింటులో చప్పబడటానికి ఒక కారణం అదే.

చేర్చబోయే మనిషి ఫొటో ఎంత పెద్దదో కూడా ఇక్కడే తేలిపోతుంది. 5400×3600 గ్రూప్ ఫొటోలో నిలబడ్డ మనిషి ఎత్తులో మూడింట రెండు వంతులు ఆక్రమిస్తాడనుకుంటే అతనికి 2400 పిక్సెళ్లు కావాలి. 12 మెగాపిక్సెల్ ఫోన్‌తో నిలువుగా తీసిన అసలు ఫొటో ఎత్తు 4032 పిక్సెళ్లు. అందులో మనిషి 3200 దాకా ఉంటాడు, కుదిస్తే చాలు. అదే ఫొటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవు వైపు దాదాపు 1600 పిక్సెళ్లకి పడిపోతుంది, మనిషి 1300లోపే. దాన్ని రెట్టింపు చేస్తే మొహం మైనం పూసినట్టు తయారవుతుంది, పక్కనున్న వాళ్ల జరీ అంచు మాత్రం పోగు పోగూ కనిపిస్తుంటుంది. ఎంత ఎడిటింగ్ చేసినా ఆ తేడా దాగదు. 'డాక్యుమెంట్‌గా పంపు నాయనా' అని ముందే చెప్పడమే మందు.

ఇంకో మాట కూడా చెప్పాలి. రెండు ఫొటోలూ కలుస్తాయా లేదా అన్నది యాప్ తెరవకముందే చాలావరకు తేలిపోయి ఉంటుంది. మూడు విషయాలు చూస్తాను. ఒకటి, వెలుగు ఏ వైపు నుంచి పడుతోంది. ముక్కు నీడ ఎటు పడిందో చూస్తే చాలు. గ్రూపులో అందరికీ కుడివైపు పడి, ఇతనికి ఎడమవైపు పడితే ఫొటోని అద్దంలోలా తిప్పొచ్చు. కానీ అప్పుడు పైట భుజం మారిపోతుంది, చొక్కా గుండీలు మారిపోతాయి, చేతి గడియారం అటు పోతుంది. పైట మారితే ఇంట్లో ఆడవాళ్లు క్షణంలో పట్టేస్తారు. రెండు, వెలుగు గట్టిదా మెత్తదా. మిట్టమధ్యాహ్నం ఎండలో తీసిన ఫొటోని షామియానా కింద తీసిన గ్రూపులో పెట్టడం దండగ. కళ్ల కింద నల్లటి నీడలు చెరపలేం. మూడు, కెమెరా ఎత్తు. దీన్ని చాలామంది పట్టించుకోరు. నేల చదునుగా ఉన్నచోట తీసిన ఫొటోలో దిగంతపు గీత కెమెరా ఎత్తులో ఉంటుంది. గ్రూపులో నిలబడ్డ పెద్దవాళ్లకి ఆ గీత ఛాతీ దగ్గర పోతుంటే, కొత్త మనిషికీ ఛాతీ దగ్గరే పోవాలి. అతన్ని ముందు వరసలో పెట్టినా వెనక పెట్టినా లెక్క ఒకటే. దిగంతం కనిపించకపోతే గోడ అరుగు, కిటికీ చట్రం లాంటి గీతల్ని పొడిగించి అవి ఎక్కడ కలుస్తాయో చూడండి, దిగంతం ఆ ఎత్తులోనే ఉంటుంది. సెల్ఫీ మాత్రం వద్దు. చెయ్యి చాపినంత దూరం నుంచి తీసిన మొహంలో ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. పది అడుగుల దూరం నుంచి తీసిన గ్రూపులో అది ఎవరి మొహమో అన్నట్టు ఉంటుంది.

గ్రూప్ ఫొటో కింద లేయర్‌గా ఉంచి, రెంచ్ గుర్తు నొక్కి, యాడ్‌లో ఇన్సర్ట్ ఎ ఫొటోతో రెండోది తెచ్చుకోండి. రాగానే ట్రాన్స్‌ఫామ్‌లో, అంటే జరిపి సైజు మార్చుకునే స్థితిలో, ఉంటుంది. యూనిఫామ్ ఎంచుకుంటేనే మనిషి సాగకుండా కుదురుతాడు. ఫ్రీఫామ్‌లో ఉంటే పొట్టిగానో లావుగానో అయిపోతాడు. ఆకుపచ్చ చుక్క పట్టుకుని తిప్పొచ్చు. కిందున్న ఇంటర్‌పొలేషన్‌లో (సైజు మారినప్పుడు పిక్సెళ్లని లెక్కగట్టే పద్ధతి) బైక్యూబిక్ పెట్టుకోండి. ఇక్కడ యాప్‌తో రెండు చిక్కులు. కాన్వాస్ హద్దు దాటి బయటికి పోయిన భాగం, ట్రాన్స్‌ఫామ్ ముగించగానే తెగిపోతుంది. అంచున నిలబెట్టిన మనిషిని తర్వాత లోపలికి లాగితే సగం చెయ్యి ఉండదు. రెండోది, సైజు మార్చిన ప్రతిసారీ పిక్సెళ్లు కొత్తగా లెక్కవుతాయి. నాలుగుసార్లు అటూ ఇటూ చేస్తే ఫొటో మెత్తబడుతుంది. అందుకే లేయర్‌ని ఎడమవైపు జరిపి డూప్లికేట్ చేసి, ఆ నకలుతోనే సైజు తేల్చుకుంటాను. తల ఎక్కడికి రావాలో, పాదాలు ఎక్కడ ఆనాలో ఇంకో లేయర్ మీద రెండు గీతలు గీసి, నకలు చెరిపేసి, అసలు లేయర్‌ని ఒకేసారి ఆ గీతల మధ్యకి తెస్తాను. ఆ ఒక్క అలవాటుతో ఫొటో పదును నిలబడుతుంది.

కత్తిరింపు. ఐప్యాడ్ఓఎస్ 16 నుంచి, ఏ12 చిప్ గానీ తర్వాతది గానీ ఉన్న ఐప్యాడ్‌లో, ఫొటోస్ యాప్‌లో మనిషి మీద వేలు నొక్కిపెడితే బ్యాక్‌గ్రౌండ్ నుంచి విడిపోతాడు. కాపీ చేసి ప్రోక్రియేట్‌లో పేస్ట్ చేయడమే. ప్యాంటు, చొక్కా, బూట్లు ఉన్న మనిషికి ఇది తొంభై శాతం పని చేసిపెడుతుంది. జుట్టు దగ్గర తేలిపోతుంది. పాపిట పక్కన ఎగిరే వెంట్రుకలు, జడలో మల్లెపూలు, పల్చటి పైట కొంగు అన్నీ కోసేస్తుంది. బయటి పిక్సెళ్లు రావు గనక తర్వాత బాగుచేయడానికి ఏమీ మిగలదు. కాబట్టి మగవాళ్ల పొట్టి క్రాపుకి ఆ దారి సరే. ఆడవాళ్ల ఫొటోలకి మాత్రం మొత్తం ఫొటో తెచ్చి మాస్క్ (చెరపకుండా దాచే ముసుగు) వేసుకోవడమే పద్ధతి.

మాస్క్ ఇలా. సెలెక్షన్ గుర్తులో ఫ్రీహ్యాండ్ ఎంచుకుని మనిషి చుట్టూ అంచుకి కాస్త లోపలగా గీయండి. ఫెదర్ (అంచుని మెత్తబరిచే కొలత) రెండు మూడు శాతం దాటనివ్వకండి, దాటితే మనిషి చుట్టూ పొగ కమ్మినట్టుంటుంది. లేయర్ మీద తట్టి మాస్క్ నొక్కితే ఆ సెలెక్షనే మాస్క్ అవుతుంది. ఇక మాస్క్ మీద నలుపుతో రుద్దితే దాగుతుంది, తెలుపుతో రుద్దితే తిరిగొస్తుంది. బట్టల అంచులకి ఎయిర్‌బ్రషింగ్ సెట్‌లోని హార్డ్ బ్రష్ చిన్న సైజులో, బుగ్గలు, మెడ లాంటి గుండ్రటి చోట్ల మీడియం. ఒకే బ్రష్‌తో చుట్టంతా తిప్పేస్తే కార్డుబోర్డు కటౌట్ అవుతుంది. ఫోకస్ ఉన్నచోట అంచు పదునుగా, లేనిచోట మెత్తగా ఉండాలి. ప్రోక్రియేట్‌ని నేను ఇష్టపడేది ఇక్కడే. పెన్సిల్ ఒత్తిడితో అంచు గట్టిదనం అంగుళం అంగుళం మార్చుకుంటూ పోవచ్చు. మౌసుతో ఇది నరకం. పనికి ముందు ప్రిఫరెన్సెస్‌లో జెస్చర్ కంట్రోల్స్‌కి వెళ్లి, జనరల్‌లో టచ్ యాక్షన్లు ఆపేయండి, లేకపోతే అరచెయ్యి తగిలి ఎక్కడో మచ్చ పడుతుంది, ప్రింటు వచ్చాక కనబడుతుంది.

జుట్టుకి వేరే కిటుకు ఉంది. మన నల్ల జుట్టు లేత గోడ ముందు ఉంటే అదృష్టమే. మాస్క్ వేసిన లేయర్ కింద అదే ఫొటో నకలు ఒకటి పెట్టి, దాని బ్లెండింగ్ (కింది లేయర్‌తో కలిసే తీరు) మల్టిప్లైకి మార్చండి. కర్వ్స్‌లో (వెలుగునీ రంగునీ మార్చే గీత) కుడివైపు పై కొసని ఎడమకి జరుపుతూ వెనక గోడ పూర్తి తెలుపయ్యేదాకా తీసుకెళ్లండి. మల్టిప్లైలో తెలుపు మాయమవుతుంది, నల్ల వెంట్రుకలు మాత్రం గ్రూప్ ఫొటో మీద మిగులుతాయి. ఈ నకలుకి మాస్క్ వేసి, తల చుట్టూ వేలెడు మేర తప్ప మిగతాదంతా నలుపుతో దాచేయండి. పై లేయర్‌లో జుట్టుని ధైర్యంగా లోపలిదాకా కోసేయొచ్చు, ఎగిరే పోగులు కింది లేయర్ చూసుకుంటుంది. ముగ్గుబుట్టలాంటి తల ఉన్న తాతయ్య ముదురు తెర ముందు ఉంటే ఇదే పద్ధతి తిరగేసి, స్క్రీన్ మోడ్‌లో వెనక భాగాన్ని నలుపు చేసి వాడాలి. గ్రూప్ ఫొటోలో తల వెనక ఏముందో కూడా చూసుకోవాలి. చీకటి చెట్టు ముందుకి నల్ల జుట్టు వస్తే మల్టిప్లైలో ఏమీ కనిపించదు. అది పెద్ద ఇబ్బంది కాదు, నిజం ఫొటోలోనూ అక్కడ వెంట్రుకలు కనిపించవు.

తెల్ల పంచెది ఇంకో కథ. తెలుపు చుట్టుపక్కల రంగుల్ని తాగుతుంది. పచ్చగడ్డి మీద నిలబడి తీయించుకున్న పంచె కింది భాగం లేత ఆకుపచ్చగా ఉంటుంది. దాన్ని ఎర్ర తివాచీ మీద పెడితే కంటికి ఏదో తేడా కొడుతుంది, ఏమిటో చెప్పలేరు. మనిషి లేయర్ పైన కొత్త లేయర్ వేసి, తట్టి క్లిప్పింగ్ మాస్క్ చేయండి, అప్పుడు రంగు మనిషి మీదే పడుతుంది. బ్లెండింగ్ కలర్‌లో పెట్టండి. గ్రూపులో పక్కవాళ్ల పంచె కింది భాగం రంగు వేలుతో నొక్కిపట్టి తీసుకుని, సాఫ్ట్ బ్రష్‌తో పదిహేను ఇరవై శాతం ఒపాసిటీలో మెల్లగా అద్దండి. చుట్టూ మిగిలిన పాత బ్యాక్‌గ్రౌండ్ రంగు చారకీ ఇదే వైద్యం.

మొత్తం రంగు కలపడానికి కర్వ్స్. ఇక్కడ యాప్ బలహీనత బయటపడుతుంది. అడ్జస్ట్‌మెంట్లన్నీ పిక్సెళ్లనే మార్చేస్తాయి. రేపు వచ్చి కాస్త తగ్గిద్దామంటే కుదరదు. రెండు వేళ్లతో తడితే వెనక్కి పోతుంది గానీ గ్యాలరీలోకి వెళ్లి వస్తే ఆ వీలూ పోతుంది. ప్రతి పెద్ద మార్పుకి ముందు లేయర్ నకలు తీసి దాచి ఉంచడం తప్పదు. ముందు నలుపు కలపండి. గ్రూపులో అందరి జుట్టు ఎంత నల్లగా ఉందో చూసి, కొత్త మనిషి జుట్టు అంతే నల్లగా వచ్చేలా గామా (మొత్తం వెలుగు) కర్వ్ ఎడమ కొసని ఎత్తండి లేదా కుడికి జరపండి. ఆ తర్వాత తెలుపు. రంగు ఆఖర్న. పెళ్లిపందిట్లో పసుపు దీపాల కింద తీసిన గ్రూపుకి, ఆఫీసు ట్యూబులైట్ కింద తీసిన మనిషిని కలపాలంటే నీలం కర్వ్‌ని మధ్యలో కిందికి, ఎరుపుని కొంచెం పైకి. మొహం చూసి కలపకండి, మనుషుల చాయలు వేరువేరు. కంటి తెల్లగుడ్డు, పళ్లు, బనీను అంచు లాంటివి పోల్చండి.

వెలుగు కలిసిందో లేదో తేల్చడానికి అన్నిటికీ పైన ఒక లేయర్‌ని బూడిద రంగుతో నింపి శాచురేషన్ మోడ్‌లో పెట్టండి. ఫొటో బ్లాక్ అండ్ వైట్‌లో కనిపిస్తుంది. రంగు అడ్డు తప్పుకోగానే కొత్త మనిషి ఎక్కువ వెలుగుతున్నాడా, వెలిసిపోయాడా అన్నది దాగదు. చూసుకున్నాక ఆ లేయర్ దాచేయండి. ఇది నేను ప్రతి ఫొటోకీ చేస్తాను. కాన్వాస్‌ని అడ్డంగా తిప్పి చూడటం కూడా మంచిదే, గంటసేపు ఒకే ఫొటో చూసిన కన్ను మొద్దుబారి ఉంటుంది.

నీడ లేకపోతే మనిషి గాల్లో తేలతాడు. నీడలు రెండు. పాదం నేలని తాకేచోట సన్నటి ముదురు గీతలాంటి నీడ ఒకటి, దూరంగా పడే లేత నీడ ఇంకొకటి. మొదటిది చేత్తో వేయాలి. మనిషి కింద మల్టిప్లై లేయర్ తెరిచి, గ్రూపులో వేరేవాళ్ల చెప్పుల కింద ఉన్న నీడ రంగు తీసుకుని వాడండి. స్వచ్ఛమైన నలుపు వాడితే మసి పూసినట్టుంటుంది. రెండోదానికి మనిషి లేయర్ నకలు తీసి, మాస్క్‌ని అందులో కలిపేసి, ఆల్ఫా లాక్ చేసి (ఆకారం బయట రంగు పడకుండా), ముదురు రంగుతో ఫిల్ చేసి, డిస్టార్ట్‌తో నేల మీదికి పడుకోబెట్టి, ఆల్ఫా లాక్ తీసేసి గాసియన్ బ్లర్ ఇవ్వాలి. లాక్ ఉండగా బ్లర్ ఇస్తే అంచు మెత్తబడదు, చాలామంది అక్కడే ఆగిపోయి యాప్‌ని తిడతారు. భుజాలు కలిసి నిలబడ్డ గ్రూపులో పాదాలు కనిపించకపోతే పని సగం తగ్గుతుంది. కొత్త మనిషిని వెనక వరసలో పెట్టి, ముందున్నవాళ్ల భుజం ఆకారంలో మాస్క్ కోయడమే. వీలుంటే ఎప్పుడూ వెనక వరసే ఎంచుకోండి. పక్కవాళ్ల భుజం నీడ కొత్త మనిషి చొక్కా మీద కొంచెం పడేలా అద్దడం మాత్రం మరవకండి.

ఆఖరి మెరుగు గ్రెయిన్. రాత్రి ఫంక్షన్ ఫొటోలో నూకలాంటి చుక్కలు ఉంటాయి, పగటి ఫొటో నున్నగా ఉంటుంది. నున్నగా ఉన్నదానికి నాయిస్ ఇచ్చి, తెరని నూరు శాతానికి తెచ్చి, రెండు మొహాల బుగ్గలు పక్కపక్కన చూస్తూ పెంచండి. నాలుగైదు శాతం దగ్గరే ఆగాల్సి వస్తుంది.

పాత బ్లాక్ అండ్ వైట్ స్టూడియో ఫొటోలో ఉన్న నాన్నగారిని ఇప్పటి రంగుల ఫొటోలో అమ్మ పక్కన కూర్చోబెట్టమంటారు. ఆయనకి రంగులు పూయడం కన్నా మొత్తం ఫొటోనే బ్లాక్ అండ్ వైట్ చేయడం నయం. గ్రేడియెంట్ మ్యాప్‌లో (వెలుగునీడలకి రంగులు కేటాయించే మార్పు) రెంటికీ ఒకే గోధుమ ఛాయ ఇస్తే వేర్వేరు కాలాల ఫొటోలు కూడా ఒద్దికగా కూర్చుంటాయి. పాత ఫొటోని అద్దం మీంచి తీయకండి, ఫ్రేము విప్పి స్కానర్‌లో 600 డీపీఐకి స్కాన్ చేయించండి. స్కానర్ లేకపోతే కిటికీ పక్కన నీడలో, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ని సమాంతరంగా పట్టుకుని తీయండి.

ఫైలు పంపేటప్పుడు ల్యాబ్‌కి జేపెగ్ చాలు. స్టూడియో అబ్బాయి ఇంకా ఏదైనా సరిదిద్దాలంటే షేర్‌లో పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైలు) ఎంచుకోండి, లేయర్లు విడివిడిగానే వెళ్తాయి. ప్రోక్రియేట్ ఫైలు నకలు ఒకటి ఫైల్స్ యాప్‌లో విడిగా పెట్టుకోండి, యాప్ తీసేస్తే లోపలున్న పనులన్నీ దాంతోపాటే పోతాయి. టైమ్‌ల్యాప్స్ రికార్డింగ్ మొదట్లోనే ఆపేయండి. స్టోరేజీ మిగులుతుంది, ఇంకొకరి ఇంటి ఫొటోలు మీ వీడియోలో ఉండవు. పెద్ద ప్రింటు వేయించే ముందు మొహాలున్న భాగం మాత్రం కత్తిరించి 6×4 సైజులో ఒకటి తీయించి పగటి వెలుగులో చూడండి. తెర మీద దాగిన అంచు చార ఉంటే ఆ చిన్న కాగితం మీదే బయటపడుతుంది.